రాయి లేని సమాధులు, రాసిపెట్టిన చావులు

లండన్‌లో మా ఆఫీసు ఓల్డ్ స్ట్రీట్ స్టేషన్‌కి ఐదారు నిమిషాల నడక. ఆఫీసు కిచెన్‌లో మైక్రోవేవ్ తలుపు తీయగానే గోంగూర వాసనకి అందరూ తలెత్తి చూడటం నాకు ఇబ్బంది, అందుకని వాన లేని రోజు డబ్బా పట్టుకుని ఎక్కడో ఒక చెట్టు కింద కూర్చుని తినేస్తుంటాను. అలా వెతుక్కుంటుంటే బ్యానర్ స్ట్రీట్ పక్కన క్వేకర్ గార్డెన్స్ అని ఒక చిన్న పార్కు దొరికింది. చుట్టూ అపార్ట్‌మెంట్లు, మధ్యలో చెట్లు, బెంచీలు. అక్కడే దాదాపు ఏడాది పాటు పెరుగన్నం తిన్నాను. ఒకరోజు ఫోన్ మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతుంటే జార్జ్ ఫాక్స్ అని పేరు చెక్కిన రాయి ఒకటి కనిపించింది, ఎవరా అని వెతికితే తెలిసింది ఇది పార్కు కాదని. అంటే ఇప్పుడు పార్కే, కానీ 1661 నుంచి 1855 దాకా శ్మశానం. సుమారు 12,000 మందిని ఇక్కడ పూడ్చారు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "స్నానం చేసి ఇంట్లోకి వెళ్లు" అంది. నేనప్పటికే ఏడాది తిండి తిన్నానని చెప్పలేదు.

ఈ సంగతి తెలిసిన వారంలోనే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఇంకో గొడవ మొదలైంది. మా బాబాయి తాతకి పొలంలో సమాధి కట్టిస్తానన్నాడు, నల్ల గ్రానైట్, పైన మండపం, మధ్యలో తాత బొమ్మ. ఖర్చు అన్నదమ్ముల పిల్లలందరం వేసుకోవాలి. డబ్బు గురించి నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడొచ్చిందంటే, రాతిపని చేసే అతను "జననం, మరణం తేదీలు పంపండి" అన్నాడు. మరణం సరే, 1988. జననం ఎవరికీ తెలీదు. ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు, పద్నాలుగు మంది మనవలు ఉన్న మనిషి ఎప్పుడు పుట్టాడో ఇంట్లో ఒక్కరికి కూడా తెలీదు, కానీ ఆయన బొమ్మ కళ్లజోడుతో చెక్కాలా కళ్లజోడు లేకుండా చెక్కాలా అని మూడు రోజులు ఓటింగ్ జరిగింది.

అటు అది, ఇటు ఈ పార్కు. రెండూ నా బుర్రలో కలిసిపోయి కొన్ని నెలలు నన్ను వదల్లేదు. ఒక చోట ఒక్క మనిషి మీద కూడా రాయి లేదు, కానీ ఎవరు ఏ రోజు పోయారో, ఎంత వయసో, ఏం పని చేసేవారో కాగితం మీద ఉంది. ఇంకో చోట రాయికి అడ్వాన్స్ కూడా ఇచ్చేశాం, దాని మీద ఏం రాయాలో మాత్రం తెలీదు.

క్వేకర్ల గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1640లు, 50లలో ఇంగ్లండ్ అంతర్యుద్ధంతో అల్లకల్లోలంగా ఉన్నప్పుడు పుట్టిన క్రైస్తవ శాఖ ఇది. వాళ్ల అసలు పేరు ఫ్రెండ్స్, క్వేకర్లు అంటే వణికేవాళ్లు అని, ఎగతాళిగా పెట్టిన పేరే నిలిచిపోయింది. పాస్టర్ ఉండడు, బాప్తిస్మం ఉండదు, ప్రార్థనంటే అందరూ మౌనంగా కూర్చోవడం, ఎవరికైనా లోపల్నుంచి మాట వస్తే లేచి చెప్పడం. మనుషులంతా సమానం అన్నది వాళ్లకి గోడ మీద రాసుకునే మాట కాదు. జడ్జి ముందు టోపీ తీసేవాళ్లు కాదు. ఇక అప్పటి ఇంగ్లీషులో మన మీరు, నువ్వు లాంటి తేడా ఉండేది, వీళ్లు జమీందారునైనా, న్యాయమూర్తినైనా 'నువ్వు' అనే పిలిచేవాళ్లు. ఇంగ్లీషు వాళ్లకి ఇది వివరించి చెప్పాలి, మనకి అక్కర్లేదు. కలెక్టరుని "నువ్వు కూర్చో" అంటే ఏమవుతుందో మనకి తెలుసు. వాళ్లకీ అదే అయింది, వేల మంది జైలుకెళ్లారు.

ఆ రోజుల్లో పుట్టుక, పెళ్లి, చావు మూడూ చర్చి చేతిలో ఉండేవి. బాప్తిస్మం అయితేనే రిజిస్టరులో ఎక్కుతావు, చర్చిలో పెళ్లయితేనే అది పెళ్లి, చర్చి ఆవరణలో పాస్టరు చేతుల మీదుగా పూడిస్తేనే మర్యాదైన చావు. క్వేకర్లు చర్చికి వెళ్లరు, చర్చి పన్ను కట్టరు, చర్చి వెలివేస్తే ఆ నేలలో చోటూ ఉండదు. అందుకే మొదట్లో సొంత పెరట్లో, తోటల్లో పూడ్చుకునేవాళ్లు. 1661లో లండన్ క్వేకర్లు ఊరి గోడలకి బయట బన్‌హిల్ దగ్గర ఈ ముక్క కొన్నారు, వాళ్లు సొంతంగా కొన్న మొదటి భూమి ఇదేనంటారు. ప్రార్థన చేసుకోవడానికి అద్దె ఇల్లు సరిపోతుంది, శవానికి అద్దె కుదరదు కదా.

కొన్న మరుసటి ఏడాదే దానికి పని పడింది. క్వేకర్ల తొలి బోధకుల్లో ఒకడైన రిచర్డ్ హబర్‌థోర్న్ 1662లో న్యూగేట్ జైల్లో పోయాడు, కొన్ని నెలలకి అదే జైల్లో ఎడ్వర్డ్ బరో, అతనికి ముప్ఫై ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ ఈ నేలలోనే ఉన్నారు. 1665లో ప్లేగు వచ్చినప్పుడు లండన్ క్వేకర్లలో వెయ్యికి పైగా పోయారు, వాళ్లూ ఇక్కడికే వచ్చారు. 1691 జనవరిలో జార్జ్ ఫాక్స్ వచ్చాడు, ఈ ఉద్యమానికి పెద్దదిక్కు ఆయనే. శవం వెంట నాలుగు వేల మంది నడిచారని ఆ రోజు అక్కడున్నవాడే ఉత్తరం రాశాడు.

అంత ఊరేగింపుగా తెచ్చిన మనిషి కచ్చితంగా ఎక్కడున్నాడో ఈ రోజు ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. నేను చూసిన రాయి 'ఈ దరిదాపుల్లో' అన్న లెక్కలో పెట్టిందే. ఎందుకలా అంటే వాళ్లు కావాలనే అలా చేశారు. సమాధి రాళ్లు వట్టి ఆడంబరమని 1717లో లండన్ ఇయర్లీ మీటింగ్, అంటే దేశంలోని క్వేకర్లందరి పెద్ద సభ, తీర్మానించింది, ఉన్నవాటిని కూడా తీసేయమంది. అందరూ వినలేదు కాబోలు, 1766లో మళ్లీ చెప్పాల్సొచ్చింది. ఫాక్స్ సమాధి దగ్గర ఆయన పేరులోని రెండు అక్షరాలతో చిన్న రాయి ఉండేదనీ, జనం దాన్ని చూడటానికి రావడం మొదలుపెట్టేసరికి రాబర్ట్ హోవర్డ్ అనే క్వేకరు "ఇది నెహుష్టాను" అని దాన్ని ముక్కలు కొట్టించాడనీ ఒక కథ చెప్తారు. నెహుష్టాను అంటే బైబిల్లో మోషే చేసిన ఇత్తడి పాము, తర్వాతి తరాల జనం దానికి ధూపం వేయడం మొదలుపెడితే హిజ్కియా రాజు పగలగొట్టించాడు. ఈ కథ చదివినప్పుడు నాకు బాబాయి మండపం గుర్తొచ్చింది. ఇంకో ఇరవై ఏళ్లలో దాని ముందు కొబ్బరికాయ కొట్టరని నేను హామీ ఇవ్వలేను.

నిజానికి మొదట నాకు ఈ క్వేకర్ల మీద కోపమే వచ్చింది. రాయి తీసేయడం ఏమంత గొప్ప? పేదవాడికి ఎలాగూ రాయి ఉండదు, ధనవంతుడికి కూడా లేకుండా చేస్తే ఇద్దర్నీ సమానంగా మర్చిపోతాం, అంతేగా? ఈ కోపం పోయింది వాళ్ల రికార్డుల గురించి చదవడం మొదలుపెట్టాకే.

1650లలోనే ఫాక్స్ ఊరూరా మీటింగులకి, అంటే క్వేకర్ల స్థానిక సంఘాలకి, చెప్పాడు, పుట్టుకలు, పెళ్లిళ్లు, చావులు మీరే రాసుకోండి అని. భక్తి కంటే దీనికి అవసరం పెద్ద కారణం. చర్చిలో జరగని పెళ్లి చెల్లదు, ఆ పిల్లలకి ఆస్తి రాదు అని బంధువులు కోర్టుకెక్కేవాళ్లు. 1661లో నాటింగ్‌హామ్ కోర్టులో ఇలాంటి కేసులోనే క్వేకర్ పెళ్లి చెల్లుతుందని తీర్పొచ్చింది. సాక్షుల సంతకాలతో కాగితం ఉంటే నిలబడతాం అని వాళ్లకి అనుభవం మీద అర్థమైంది. రాయడం మొదలుపెట్టిన వాళ్లు ఇక ఆగలేదు. ఎవరిని ఎప్పుడు అరెస్టు చేశారు, పన్ను కింద ఎవరి ఆవుని తోలుకుపోయారు, ఎవరి ఇత్తడి గిన్నెలు జప్తు చేశారు, అన్నీ రాశారు. చిట్‌ఫండ్ కంపెనీ కూడా ఇంత లెక్క రాయదు.

1776లో దీన్ని మరింత బిగించారు. నాకు బాగా నచ్చింది కాటికాపరికి ఇచ్చే చీటీ. అచ్చు వేసిన ఫారం అది. ఫలానా తేదీలోపు ఫలానా చోట గొయ్యి తవ్వి, ఇంత వయసున్న ఫలానా మనిషి దేహాన్ని అందులో ఉంచు అని మీటింగ్ తరఫున అతనికి రాసిన విజ్ఞప్తి. అందులోనూ 'నువ్వు' అనే సంబోధన, రాజుకైనా అదే కాబట్టి అందులో చులకన లేదు. పూడ్చడం అయ్యాక అదే కాగితం కింద, ఈ దేహాన్ని ఈ రోజు పూడ్చాను అని గొయ్యి తవ్వినవాడు సంతకం పెట్టాలి. ఆ చీటీ వెనక్కొస్తే దాన్ని చూసి రిజిస్టరులో ఎక్కిస్తారు: పేరు, పోయిన తేదీ, వయసు, ఊరు, వృత్తి, పూడ్చిన చోటు, పూడ్చిన తేదీ. ఒక కాపీ మంత్లీ మీటింగ్ దగ్గర, ఇంకోటి పైన క్వార్టర్లీ మీటింగ్ దగ్గర. మా ఊళ్లో గొయ్యి తవ్వేవాళ్లని, కట్టెలు పేర్చేవాళ్లని తలచుకున్నాను. వాళ్ల సంతకం తాత తాలూకు ఏ కాగితం మీదా లేదు, ఆ మాటకొస్తే తాత తాలూకు కాగితమే లేదు.

తేదీల సంగతి ఇంకో తమాషా. జనవరి, మార్చి లాంటివి రోమన్ దేవుళ్ల పేర్లని క్వేకర్లు వాటిని పలికేవాళ్లు కాదు, ఒకటో నెల, రెండో నెల అనే రాసేవాళ్లు. అయితే 1752కి ముందు ఇంగ్లండ్‌లో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి వాళ్ల ఒకటో నెల మార్చి. ఫాక్స్ పోయింది వాళ్ల లెక్కలో 1690వ సంవత్సరం పదకొండో నెల పదమూడు, మన లెక్కలో 1691 జనవరి. 1752లో క్యాలెండరు మారినప్పుడు పదకొండు రోజులు ఎగరగొట్టాక వాళ్ల ఒకటో నెల జనవరి అయింది. వంశవృక్షాలు రాసుకునేవాళ్లు ఇక్కడ తెగ తప్పులు చేస్తారట. నాకు మాత్రం ఇల్లు గుర్తొచ్చింది. తాత తద్దినం మాఘ బహుళ త్రయోదశి అని ఇంటిల్లిపాదికీ తెలుసు, ఇంగ్లీషు తేదీ ఏదని అడిగితే పంచాంగం వెతకాలి. ఆయన పుట్టింది రక్తాక్షి నామ సంవత్సరంలో అని నాయనమ్మ అనేదని పెద్దత్త చెప్పింది. రక్తాక్షి అంటే 1924–25. రేషన్ కార్డులో లెక్కేస్తే 1930 వస్తుంది, పెన్షన్ కాగితంలో ఇంకో ఏడాది. నాకు నాయనమ్మ మాట మీదే నమ్మకం, రేషన్ కార్డు రాసినవాడు తాతని చూసి అంచనాగా ఒక అంకె వేసి ఉంటాడు. అన్నట్టు అరవై ఏళ్ల చక్రాన్ని వెనక్కి తిప్పితే జార్జ్ ఫాక్స్ పుట్టిన 1624 జూలై కూడా రక్తాక్షే. దీనికి అర్థమేమీ లేదు, లెక్కేస్తే వచ్చింది, చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆ రిజిస్టర్లన్నీ తర్వాత ఏమయ్యాయంటే, 1837లో ఇంగ్లండ్ ప్రభుత్వం జనన మరణాల నమోదు తన చేతిలోకి తీసుకుంది, 1840లో ఇంకో చట్టం చేసి చర్చికి బయట ఉన్న శాఖల రిజిస్టర్లని కూడా తెమ్మంది. క్వేకర్లు 1,400కి పైగా పుస్తకాలు అప్పగించారు. అయితే అప్పగించే ముందు కూర్చుని మొత్తం ఎత్తి రాసుకున్నారు, ప్రాంతాలవారీగా, అక్షరక్రమంలో, అదీ రెండేసి కాపీలు. అర లక్ష కాదు, అర మిలియన్ దాకా నమోదులు, అంటే ఐదు లక్షలు, చేత్తో. అసలు పుస్తకాలు ఇప్పుడు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 6 అనే నంబరు కింద ఉన్నాయి, ఎత్తి రాసినవి యూస్టన్ స్టేషన్ ఎదురుగా ఫ్రెండ్స్ హౌస్ లైబ్రరీలో ఉన్నాయి. ప్రభుత్వానికి ఏదైనా ఇచ్చే ముందు జిరాక్స్ తీసుకోవాలన్న జ్ఞానం మనదొక్కళ్లదే అనుకునేవాణ్ణి.

మన దగ్గర కూడా రిజిస్టరు లేకపోలేదు, అది చెప్పకపోతే అన్యాయం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచీ గ్రామ మునసబు జనన మరణాలు రాసేవాడు. 1984లో మునసబు, కరణం వ్యవస్థ రద్దయింది, అది రద్దవ్వాల్సిందే, ఊళ్లని పీడించుకు తిన్నవాళ్ల కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. కానీ వాళ్ల చేతిలో ఉన్న పుస్తకాలు చాలా చోట్ల చేతులు మారలేదు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు తాత పుట్టుక కోసం ఒక ఆఫీసులో అడిగాను. బీరువా తీసి చూపించారు పాపం. కింది రెండు అరల్లో ఉన్నవి పుస్తకాల ఆకారంలో ఉన్న చెదల మట్టి. వేలు పెడితే కూలిపోయింది. అక్కడున్న అతను "ఎందుకండీ ఇప్పుడు, ఆయన పోయారుగా" అన్నాడు, నిజంగా అర్థం కాకే అడిగాడు.

గ్రూపులో నేను ఈ మాటలన్నీ రాశాను. మండపం మానేసి ఆ డబ్బుతో ఎవరినైనా పెట్టి పెద్దవాళ్లకి తెలిసినవన్నీ రాయిద్దాం, ఉన్న కాగితాలు స్కాన్ చేయిద్దాం అన్నాను. బాబాయి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నామా లేదా? మీ తాతకి ఒక్కటి పెడితే తప్పా?"

నేను రెడీగా ఉన్నాను. జాన్ బ్రైట్ అని ఒక పార్లమెంటు సభ్యుడు, క్వేకరు, ఇండియాలో కాలువలు తవ్వించండి అని పార్లమెంటులో గట్టిగా వాదించిన కొద్దిమందిలో ఒకడు, 1848లో భారతదేశపు పత్తి సాగు మీద వేసిన కమిటీకి అధ్యక్షుడు. అంతటివాడు 1889లో పోతే సొంత ఊరు రాచ్‌డేల్‌లో క్వేకర్ల నేలలో, పక్కవాళ్లకి ఉన్నలాంటి మామూలు రాయి కిందే పూడ్చారు బాబాయ్ అన్నాను. బాబాయి టెన్త్ ఫెయిల్ గానీ గూగుల్ బాగా వాడతాడు. పావుగంటలో మాంచెస్టర్ నడిబొడ్డున నిలబెట్టిన జాన్ బ్రైట్ విగ్రహం ఫోటో గ్రూపులో పడింది. కింద చెయ్యి జోడించిన ఎమోజీ.

సరే, ఓడిపోయాను. బాబాయి వైపు కూడా న్యాయం ఉంది, ఇది నేను మనస్ఫూర్తిగానే అంటున్నాను. మనిషికి వెళ్లి నిలబడటానికి ఒక చోటు కావాలి. క్వేకర్లే నూట ముప్ఫై ఏళ్లు బిగబట్టి చివరికి 1850లో రాళ్లు ఒప్పుకున్నారు, అన్నీ ఒకేలా, సాదాగా ఉండాలి, అక్కడ ధనిక పేద తేడా కనపడకూడదు అని షరతు పెట్టి. పెన్సిల్వేనియా పేరులో ఉన్న విలియం పెన్ సంగతే చూడండి. 1718లో పోతే బకింగ్‌హామ్‌షైర్‌లో జోర్డాన్స్ అనే చోట, రాయి లేకుండా పూడ్చారు. ఇప్పుడున్న రాళ్లు పందొమ్మిదో శతాబ్దంలో అంచనా మీద పాతినవి. 1881లో పెన్సిల్వేనియా వాళ్లు జార్జ్ హారిసన్ అనే ఆయన్ని ఇంగ్లండ్ పంపారు, మా రాష్ట్రాన్ని స్థాపించిన మనిషి ఎముకలు మాకివ్వండి, ఫిలడెల్ఫియాలో ఘనంగా పెట్టుకుంటాం అని. జోర్డాన్స్ ట్రస్టీలు కుదరదన్నారు. అలాంటి ఆర్భాటం ఆయనకే గిట్టదు అన్నది ఒక కారణం, అసలు ఏ గొయ్యి ఆయనదో ఖాయంగా చెప్పలేం అన్నది ఇంకో కారణం. రాయి లేకపోవడమే ఆయన్ని కాపాడింది అని నాకు మొదట నవ్వొచ్చింది. కానీ సముద్రం దాటి వచ్చి ఉత్త చేతులతో వెనక్కి వెళ్లిన మనిషి వైపు నుంచి చూస్తే అంత నవ్వు రాదు.

అయితే రాయి ఉంటే చాలు అనే వాళ్లకి నా దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది, అది కూడా మా ఆఫీసు దగ్గరే. క్వేకర్ గార్డెన్స్‌కి నాలుగడుగుల దూరంలో బన్‌హిల్ ఫీల్డ్స్ అని ఇంకో పాత శ్మశానం ఉంది, చర్చితో పడని మిగతా శాఖల వాళ్లది, అక్కడ రాళ్లకి కొదవ లేదు. కవి విలియం బ్లేక్‌ని 1827లో అక్కడే పూడ్చారు, చాలాకాలం ఆయన గొయ్యి ఎక్కడో తెలీక, పక్కనెక్కడో ఉన్నాడని ఒక రాయి పాతి ఊరుకున్నారు. చివరికి ఆయన్ని ఎలా పట్టుకున్నారంటే, పూడ్చినప్పుడు రిజిస్టరులో తూర్పు పడమర ఇన్నో వరస, ఉత్తర దక్షిణం ఇన్నో వరస అని వేసిన అంకెలతో. ఇద్దరు అభిమానులు ఆ అంకెలు పట్టుకుని నేల కొలిచి చోటు తేల్చారు, 2018లో అక్కడ కొత్త రాయి వేశారు. నూట తొంభై ఏళ్ల తర్వాత.

ఇక మన వైపు బందరు. అక్కడ డచ్చి వాళ్ల సమాధులు ఉన్నాయి, నేను చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌లో చూశాను. పదిహేడో శతాబ్దం నాటివి, వంశ చిహ్నాలు, పెద్ద అక్షరాలు, ఎంత అందంగా చెక్కారో. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి బందరుని ముంచేసింది, దాదాపు 30,000 మంది పోయారని లెక్క. ఆ రాళ్లు దాన్ని తట్టుకున్నాయి. బట్టలు కొనడానికొచ్చి ఇక్కడ జ్వరంతో పోయిన డచ్చి వర్తకుడి పేరు ఈ రోజుకీ చదవొచ్చు, ఒక్క రాత్రిలో పోయిన ఆ ముప్ఫై వేలమందిలో ఒక్క బెస్తవాడి పేరు, ఒక్క నేతగాడి పేరు నేను చెప్పలేను. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన అయితే మా ఇంటి సంగతే. నాయనమ్మ చెల్లెలు, ఆవిడ ఇద్దరు పిల్లలు అందులో పోయారు. పదివేల మందికి పైగా అని ప్రభుత్వ లెక్క. శవాలు దొరికినవి దొరికినట్టు కుప్పలుగా తగలబెట్టారు, అప్పుడు వేరే దారి లేదు. రాయి సంగతి వదిలేయండి, ఆ పిల్లల పేర్లేంటని నేను పోయినేడాదే మొదటిసారి అడిగాను, నలభై ఏడేళ్లు వచ్చాక.

ఇంత చెప్పాక క్వేకర్లని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. ఆ రిజిస్టర్లు చూస్తుంటే ఒక గడి దగ్గర ఆగిపోతాం. పూడ్చినవాళ్లు మెంబరా కాదా అన్న గడి. కాకపోతే రెండక్షరాలు, ఎన్, ఎమ్, నాన్ మెంబర్. అందులో చాలామంది క్వేకర్ ఇళ్లలో పుట్టి పెరిగినవాళ్లే, బయటివాళ్లని పెళ్లి చేసుకున్నారని మీటింగ్ నుంచి తీసేస్తే అలా అయినవాళ్లు. ఆ నియమం సడలింది 1860 దగ్గరికొచ్చాకే. టోపీ ఎవరికీ తీయని సమానత్వంలో పెళ్లి దగ్గర కులకట్టుబాటే. ఇంకా ఘోరం అమెరికాలో. పెన్సిల్వేనియాలోని మిడిల్‌టౌన్ మీటింగ్ 1703లో, నల్లవాళ్లని మన శ్మశానంలో పూడ్చడం మాకు ఇష్టం లేదు అని మినిట్స్‌లో రాసుకుంది, వాళ్ల కోసం ఒక మూల కంచె వేయమంది. బానిసత్వం మీద మొదట గొంతెత్తిన శాఖల్లో ఒకటి అదే, ఆ రాష్ట్రంలోనే జెర్మన్‌టౌన్ వాళ్లు 1688లోనే దాని మీద నిరసన రాసిపెట్టారు. పదిహేనేళ్ల తేడాలో ఇదీ రాశారు. రాసే అలవాటు ఉన్నవాళ్లతో ఒక మేలు, వాళ్ల పాపం కూడా వాళ్ల చేతిరాతతోనే దొరుకుతుంది.

మా ఊళ్లో మూడు శ్మశానాలు. కాలవ గట్టు మీద ఒకటి, చెరువు వెనక ఒకటి, రోడ్డు దాటాక పల్లె వాళ్లది ఒకటి, వాన పడితే దానికి దారి ఉండదు, శవాన్ని పొలం గట్ల మీద మోసుకెళ్లాలి, ఆ గట్టు మాది అని అడ్డుపడ్డవాళ్లని నేను కళ్లారా చూశాను. ఇది ఏ మినిట్స్‌లోనూ లేదు. కాబట్టి జరగలేదని ఎవరైనా అనొచ్చు, అంటున్నారు కూడా.

మండపం కట్టేశారు. నా వాటా నేను పంపాను. రాయి మీద జననం 1924 అని మాత్రం వేశారు, తేదీ లేదు, రక్తాక్షి అని కూడా వేయించమంటే రాతిపని అతను అక్షరానికి ఇంత అన్నాడు, బాబాయి వద్దన్నాడు. కళ్లజోడు ఉంది.

నేను ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. ఆదివారాలు పెద్దత్తకి ఫోన్ చేసి రాస్తున్నాను. ఆవిడకి ఎనభై దాటాయి, పొద్దున పూట అయితే అన్నీ గుర్తుంటాయి. పేరు, ఎవరి పిల్లలు, ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, ఎక్కడ దహనం, ఎవరు తలకొరివి పెట్టారు అని గడులు గీసుకున్నాను. పోయిన వారం దాకా నలభై ఒక్క పేర్లయ్యాయి. ఉప్పెనలో పోయిన పిల్లలిద్దరూ ఎక్కారు. నెలల పసికందుగా పోయి పేరు పెట్టని వాళ్లు నలుగురు, వాళ్లకి పేరు గడిలో గీత పెట్టాను. చాలామంది ఆడవాళ్లకి ఫలానా వారి భార్య అని తప్ప పెద్దత్తకీ పేరు తెలీదు. తెలిసినప్పుడు మాత్రం ఆవిడ గొంతు మారిపోతుంది. "సీతారావమ్మరా, సీతారావమ్మ" అంది ఒకసారి, తప్పిపోయిన వస్తువు దొరికినట్టు.

పోయిన వారం సుబ్బన్న దగ్గర ఆగాం. తాత దగ్గర చిన్నప్పట్నుంచి పాలేరుగా ఉండి, మా నాన్నని భుజాన మోసి, మా కొట్టంలోనే పోయిన మనిషి. ఎక్కడ పూడ్చారని అడిగితే రోడ్డు దాటాక అని చెప్పింది. ఈ పుస్తకంలో రాయనా వద్దా అని పెద్దత్త నన్నే ఎదురడిగింది, మన ఇంటి పుస్తకం కదా అని. రాశాను, నలభై రెండో పేరు. ఇంటిపేరు ఆవిడకి తెలీదు, ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మనవడు బెజవాడలో ఆటో నడుపుతాడట, నంబరు బాబాయి దగ్గరుంది. బాబాయికి మెసేజ్ పెట్టాను, బ్లూ టిక్కులు పడ్డాయి, ఇంకా పంపలేదు. ఈ ఆదివారం మళ్లీ అడగాలి.